కూర ప్యాకెట్ 50 రూపాయలు, సోమవారం సెలవు: ఎందుకో లెక్కతో సహా

బెంగళూరులో మారతహళ్లి, కుందలహళ్లి చుట్టుపక్కల నుంచి మా కర్రీ పాయింట్‌కి వచ్చే మీ అందరికీ నమస్కారం. ఒకటో తారీఖు నుంచి మూడు మార్పులు. పావుకిలో పప్పు, కూర, పులుసు ఏదైనా 45 నుంచి 50 రూపాయలవుతుంది. సోమవారం కొట్టు తెరవం. ఇంటి నుంచి స్టీలు డబ్బా తెచ్చుకుంటే ప్యాకెట్‌కి 2 రూపాయలు తగ్గిస్తాం. వేపుళ్లు ఎప్పటిలాగే 150 గ్రాములు.

ధర పెంచింది సరుకుల కోసం కాదు. కొట్టు నడిపేవాళ్ల జీతాన్ని ధరలో కలిపాం. కౌంటర్ దగ్గర చాలామంది అడుగుతుంటారు, ఉద్యోగం మానేసి ఇలాంటిదొకటి పెట్టుకుంటే ఎలా ఉంటుందని. ఆ ప్రశ్నకీ, ఈ ఐదు రూపాయలకీ లెక్క ఒకటే. అందుకే దాన్ని ఇక్కడ విప్పి చెబుతున్నాం.

ముందు ఉద్యోగం వైపు. నెలకు 50,000 చేతికొచ్చే ఉద్యోగం, బేసిక్ 25,000 అనుకుందాం. కంపెనీ తన వాటాగా వేసే పీఎఫ్ 12 శాతం, అంటే 3,000. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే మొత్తం, నెలకు పరిచి చూస్తే సుమారు 1,200. కొట్టు పెట్టాలంటే అడ్వాన్సుకీ వంటసామానుకీ కలిపి 8 లక్షలు పెట్టాలనుకోండి. అదే డబ్బు బ్యాంకులో 7 శాతానికి వేసుకుంటే నెలకు 4,700 దాకా వస్తుంది. ఇంకా అమ్మానాన్నలకు కూడా వర్తించే ఆరోగ్య బీమా, జీతం కోయని సెలవులు ఉన్నాయి. కొట్టు నుంచి నెలకు 60,000 ఇంటికి తీసుకెళ్లగలిగితే ఉద్యోగంతో సమానమైనట్టు, అంతే. దాని మీద వచ్చిందే వ్యాపారం ఇచ్చిన లాభం.

ఇక కొట్టు వైపు. ఇది మా ఖాతా పుస్తకం కాదు, ఈ సైజు కర్రీ పాయింట్‌కి గుండ్రంగా వేసిన లెక్క. అద్దె 40,000. వంట మాస్టర్‌కి 28,000. ఇద్దరు హెల్పర్లకు 34,000. కరెంటు, నీళ్లు 9,000. రిపేర్లు, లైసెన్సులు 4,000. మొత్తం 1,15,000. యజమాని జీతం 60,000 కలిపితే 1,75,000. ప్యాకెట్‌కి సరుకు, గ్యాస్, కవర్ కలిపి 24 రూపాయలు, రాత్రికి మిగిలి పారేసేదానికి 3 రూపాయలు, చిన్న వ్యాపారాలకుండే కాంపొజిషన్ స్కీమ్ కింద జీఎస్టీ 5 శాతం. ఈ పన్నును బిల్లులో విడిగా వసూలు చేయకూడదు, అమ్మిన ధరలోంచే కట్టాలి. 50కి అమ్మితే మిగిలేది 20.50, 45కి అమ్మితే 15.75.

నెలకు 26 రోజులు తెరిస్తే, 45 రూపాయల ధరకు రోజుకు 427 ప్యాకెట్లు అమ్మాలి. 50 అయితే 328 చాలు. ఐదు రూపాయలు దాదాపు వంద ప్యాకెట్ల పనిని తగ్గిస్తుంది. యజమాని జీతం లెక్కలోంచి తీసేసి చూడండి: 45కే రోజుకు 281 ప్యాకెట్లు అమ్మితే ఖర్చులన్నీ వచ్చేస్తాయి. బయటికి కళకళలాడుతూ కనిపించే చాలా కొట్లు ఈ 281కీ 427కీ మధ్యనే ఉంటాయి. అద్దె ఆగదు, మాస్టర్ జీతం ఆగదు, సాయంత్రానికి గల్లా పెట్టె నిండుతుంది. తెల్లారుజామునే మార్కెట్‌కి పోయి రాత్రి పదకొండుకి గిన్నెలు కడిగే మనిషికి మాత్రం జీతం ఉండదు. అలాంటి కొట్టు ఎప్పుడో ఒకప్పుడు నూనెలోనో, పరిమాణంలోనో రాజీ పడుతుంది. మేము ఆ దారిలో పోదలచుకోలేదు.

సరుకు ఖర్చు అన్ని వంటకాలకీ ఒక్కలా ఉండదు. కిలో కందిపప్పుకి టమాటా, నీళ్లు కలిశాక సుమారు నాలుగున్నర కిలోల పప్పు దిగుతుంది, అంటే 18 ప్యాకెట్లు. దొండకాయ వేపుడు దీనికి పూర్తిగా తలకిందులు. కిలో కాయ కోసి, వేయించేసరికి నీరంతా పోయి ఆరువందల గ్రాములు కూడా మిగలదు, పైగా నూనె. వేపుడు 150 గ్రాములే ఇచ్చేది అందుకే. పప్పు మీద మిగిలిన డబ్బే వేపుడు భారాన్ని మోయాలి. పప్పు అమ్ముడుపోని రోజు వేపుడు ఎంత పోయినా నష్టమే.

పప్పు విషయంలో బెంగళూరులో ఇంకో చిక్కుంది: బోరునీళ్లు. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో కందిపప్పు ఎంతసేపు ఉడికినా మెత్తబడదు, గ్యాస్ మాత్రం కాలిపోతుంది. పప్పుకి కావేరి నీళ్లో, ఆర్‌వో నీళ్లో వాడాలి. కొట్టు చూసేటప్పుడు అద్దె కంటే ముందు నీళ్ల సంగతి అడగండి.

టమాటా మరో గండం. 2023 జులైలో ఇక్కడ కిలో వంద దాటింది. అలాంటప్పుడు టమాటా పప్పు ఆపి దోసకాయ, గోంగూర, మామిడికాయ పప్పుల వైపు తిరగాలి. ధర మార్చడం కంటే వంట మార్చడం మేలు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ధర కూడా ఒకటో తారీఖున మారుతూ ఉంటుంది. ఇంటి సిలిండర్ కొట్లో వాడటం చట్టవిరుద్ధం, ప్రమాదం కూడా. ఆ దారిలో ఖర్చు తగ్గించుకుందామని ఎవరు చెప్పినా వినకండి.

ఎక్కువ అమ్మకం రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర లోపే. అందుకని ముందే కట్టి పెట్టుకుంటే, పొగలు కక్కే పప్పుని కవర్లో బిగించినచోట ఆవిరి నీరై, గోరువెచ్చగా మగ్గి పులుస్తుంది. 60 డిగ్రీల పైన వేడిగా ఉంచి, అడిగినప్పుడే కట్టాలి. కొబ్బరి వేసిన కూరలు అన్నిటికన్నా ముందు పాడవుతాయి. మీరు రెండు నిమిషాలు నిలబడాల్సి వచ్చేది ఇందుకే, దయచేసి ఓర్చుకోండి.

డెలివరీ యాప్‌లలో ఎందుకు లేరని అడుగుతున్నారు. నాలుగు ప్యాకెట్ల 200 రూపాయల ఆర్డరుకి కమిషన్ 25 శాతం అనుకుంటే 50, ఆ కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ 9. చేతికి 141, అంటే ప్యాకెట్‌కి 35.25. అందులో 27 ఖర్చు. కౌంటర్‌లో 20.50 మిగిలేచోట 8.25 మిగులుతుంది, కారని డబ్బా ఖర్చు ఇంకా కలపలేదు. యాప్ ధర వేరు, కొట్టు ధర వేరు అని పెట్టడం మాకు ఇష్టం లేదు.

యూపీఐ ఉంటుంది. 2025 జులైలో యూపీఐ వసూళ్ల ఆధారంగా కర్ణాటకలో చిన్న వ్యాపారులకు పన్ను నోటీసులు వచ్చినప్పుడు చాలాచోట్ల క్యూఆర్ స్టిక్కర్లు పీకేశారు. కానీ నగదైనా, యూపీఐ అయినా టర్నోవర్ టర్నోవరే. తిండి అమ్మే కొట్టుకి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. పైన చెప్పిన 328 ప్యాకెట్ల కొట్టుకి ఏడాదికి 51 లక్షలవుతుంది.

ఇంకా ఉద్యోగం వదలని వాళ్లకు మా సలహా. ఇంటి లోన్ కావాలంటే జీతం స్లిప్పులు ఉన్నప్పుడే తీసుకోండి, ఆ తర్వాత బ్యాంకు రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు అడుగుతుంది. సొంత ఆరోగ్య బీమా కూడా ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టండి, ముందునుంచే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్, అంటే క్లెయిమ్ రాని గడువు, ఉండొచ్చు. పీఎఫ్ కదపకండి, ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. అద్దె ఒప్పందం పదకొండు నెలలకే రాసుకోకండి. పొగగొట్టం, డ్రైనేజీ, త్రీఫేజ్ కనెక్షన్ మీద పెట్టిన డబ్బు ఖాళీ చేసేటప్పుడు వెంట రాదు, కనీసం మూడేళ్లకు రాయించుకోండి. పొగగొట్టం బిల్డింగ్ కప్పు దాటి పైకి పోయే వీలుందో లేదో అడ్వాన్స్ ఇచ్చే ముందే చూడండి, పై అంతస్తువాళ్ల ఫిర్యాదుతో మూతపడే వంటగదులు ఉంటాయి. బోర్డు మీద కన్నడ 60 శాతం ఉండాలి, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే పద్నాలుగు అంకెల నంబరు కొట్లో కనిపించాలి. ఇంటి ఖర్చుకి పన్నెండు నెలల డబ్బు పక్కన లేకపోతే ఇప్పుడే వద్దని మా గట్టి అభిప్రాయం. మనవాళ్ల కొట్టుకి సంక్రాంతి, దసరా వారాలు ఖాళీ. గిరాకీ అంతా బస్సులెక్కి ఊరెళ్లిపోతుంది, అద్దె ఇక్కడే ఉంటుంది.

సోమవారం సెలవు కూడా ఇందులో భాగమే. ఊరెళ్లొచ్చినవాళ్ల ఫ్రిజ్‌లో ఇంటి కూరలు ఉంటాయి, ఆ రోజు అమ్మకం మనుషుల జీతానికి చాలదు. పైన 26 రోజులు అన్నది ఈ సెలవులు తీసేశాకే. ఆ రోజు అందరికీ జీతంతో సెలవు, మాతో సహా.

డబ్బా తెచ్చేవాళ్లు పప్పుకీ పులుసుకీ వేర్వేరువి తెండి, గట్టి మూత ఉండాలి, తూకం డబ్బా బరువు తీసేసే వేస్తాం. లెక్కల గురించి ఇంకా మాట్లాడాలంటే సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య రండి. ఏడు దాటితే కౌంటర్ వదల్లేం.