బావా, ఆ ల్యాప్‌టాప్ అమ్మెయ్యకు

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

బావా,

"ఈ ల్యాప్‌టాప్ వేడితో వేగలేను, ఎంత వస్తే అంతకి అమ్మేస్తాను" అని నువ్వు మొన్న ఫోన్‌లో అన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. అది కొనడానికి నువ్వు ఎన్ని నెలలు ట్యూషన్లు చెప్పావో మద్దిలపాలెం రూమ్‌లో పక్క మంచం మీద నుంచి చూసినవాణ్ణి. ఫోన్‌లో చెబితే సగం విని, మిగతా సగానికి "సరేలే" అంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చెయ్యి.

మనిద్దరిదీ ఒకే ప్రాసెసర్. ఇంటెల్ కోర్ ఐ7-9750హెచ్, ఆరు కోర్లు, 2019లో వచ్చింది. కాగితం మీద 45 వాట్లు, టర్బోలో, అంటే పని పడినప్పుడు తనంతట తానే వేగం పెంచుకుని, 4.5 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, 100 డిగ్రీలు దాని హద్దు. పోయిన వేసవి దాకా నాదీ నీదానిలాగే ఏడిపించింది. గేమ్ మొదలెట్టిన పది నిమిషాలకి 96, 97 డిగ్రీలు. ఆ హద్దు తగలగానే అది తన వేగం తానే తగ్గించుకుంటుంది, సరిగ్గా అప్పుడే ఆట జెర్కులు కొడుతుంది. ఫ్యాన్ల హోరుకి మా అమ్మ వంటింట్లోంచి వచ్చి మిక్సీ ఎవరు ఆన్ చేశారని అడిగేది.

ముందు ఒక షాపులో ఇచ్చి థర్మల్ పేస్ట్, అదే ప్రాసెసర్ వేడిని బయటికి చేరవేయడానికి దాని మీద పూసే జిగురు, మార్పించాను. డబ్బు తీసుకున్నారు, వారం తిరక్కుండా మళ్లీ అదే వేడి. చివరికి నేనే వెనక మూత విప్పి చూస్తే, గాలి బయటికి పోయే రేకుల మధ్య దుమ్ము అట్టకట్టి ఉంది. దాని జోలికి వాళ్లు పోలేదు. మాది సముద్రపు గాలికి కిటికీలు తీసి పెట్టుకునే ఇల్లు కదా, ఈ తేమకి దుమ్ము పొడిగా ఉండదు, జిగటగా అతుక్కుంటుంది. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా తీశాను. అయిదు డిగ్రీలు తగ్గింది. నువ్వూ ముందు ఇదే చెయ్యి. దుమ్ము అలాగే ఉంచి సెట్టింగులు ఎన్ని మార్చినా ఉపయోగం లేదు.

ఇంకో మాట. వైజాగ్ ఉక్కపోత మనల్ని చంపుతుంది గానీ చిప్‌ని, అదే ప్రాసెసర్‌ని, కాదు. మనకి చెమట ఆరదు కాబట్టి తేమ బాధ. చిప్‌కి చెమట లేదు, దానికి గది ఎన్ని డిగ్రీలుందన్నదే లెక్క. గది అయిదు డిగ్రీలు చల్లబడితే చిప్ కూడా దాదాపు అంతే చల్లబడుతుంది. అంటే మే నెల విజయవాడలో నీ ల్యాప్‌టాప్ నాదానికంటే ఎక్కువ కష్టపడుతోంది. తప్పు దానిది కాదు బావా.

ఇక అసలు విషయం, అండర్‌వోల్టింగ్. అంటే చిప్‌కి వెళ్లే వోల్టేజ్‌ని కాస్త తగ్గించడం. ఫ్యాక్టరీలో తయారయ్యే చిప్‌లలో ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకటి తక్కువ వోల్టేజ్‌తోనే హాయిగా పనిచేస్తుంది, ఇంకోదానికి ఎక్కువ కావాలి. ఒక్కొక్కదాన్నీ పరీక్షించినా, ఏ పరిస్థితిలోనూ తక్కువ పడకుండా కాస్త ఎక్కువే పెట్టి పంపిస్తారు. పెళ్లిలో మూడొందల మందికి చెబితే వంటవాళ్లు మూడొందల యాభైకి వండినట్టు. ఆ మిగులంతా మన దగ్గర వేడిగా మారుతోంది. అదీ మామూలుగా కాదు, వోల్టేజ్ వర్గం లెక్కన. 1.10 వోల్టులు తీసుకునే చోట 0.98 ఇచ్చామనుకో. 0.98ని 1.10తో భాగించి వర్గం కట్టు, 0.79 వస్తుంది. అదే వేగం, అదే పని, కోర్లు తినే కరెంటు మాత్రం ఇంచుమించు ఐదో వంతు తక్కువ. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

నువ్వేమో పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్‌ని 99 శాతానికి కట్టేసి వాడుతున్నానన్నావు. దానివల్ల టర్బో మొత్తం ఆగిపోయి 2.6 దగ్గరే కూర్చుంటుంది. చల్లగానే ఉంటుంది, కానీ దానికేనా నువ్వు అన్ని ట్యూషన్లు చెప్పింది? అది తీసెయ్.

థ్రాటిల్‌స్టాప్ దించుకో. కెవిన్ గ్లిన్ అనే ఆయన రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో ఎఫ్‌ఐవీఆర్ అనే బటన్ నొక్కితే వోల్టేజ్ పేజీ వస్తుంది. సీపీయూ కోర్, సీపీయూ క్యాష్ (చిప్ లోపలి చిన్న మెమరీ) అని రెండు ఉంటాయి. రెండింటికీ ఒకే అంకె పెట్టు. ఒక్క కోర్‌కే పెట్టి ఊరుకుంటే ఏమీ మారదు, నేను మొదటి రోజంతా అలాగే పోగొట్టుకున్నాను. మైనస్ 50 మిల్లీవోల్టులతో మొదలెట్టు. సినీబెంచ్, అంటే ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టి పరీక్షించే ప్రోగ్రామ్, పది నిమిషాలు తిప్పు. నిలబడితే ఇంకో పది దించు, మళ్లీ తిప్పు. పరీక్షలు అయ్యేదాకా వోల్టేజ్‌లు సేవ్ చెయ్యొద్దనే ఆప్షన్‌లోనే ఉంచు. అప్పుడు మెషిన్ ఆగిపోయినా రీస్టార్ట్ చేస్తే పాత వోల్టేజ్ తిరిగి వచ్చేస్తుంది. వోల్టేజ్ తగ్గిస్తే చిప్ కాలిపోతుందేమోనని టెన్షన్ పడకు. కాల్చేది ఎక్కువ వోల్టేజ్, తక్కువైతే ఆగిపోతుందంతే. అయితే ఆగినప్పుడు సేవ్ చెయ్యని ఫైలు పోతుంది, కాబట్టి ఆఫీసు పని తెరిచి పెట్టుకుని ఈ పరీక్షలు చెయ్యకు.

మొదటిసారి మైనస్ 100 పెట్టి సినీబెంచ్ తిప్పినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. వేడి రెండు డిగ్రీలు కూడా తగ్గలేదు. కాసేపటికి పక్క అంకె చూశాను. అంతకుముందు 3.1 గిగాహెర్ట్జ్ దగ్గర నడిచేది ఇప్పుడు 3.5 దగ్గర నడుస్తోంది! కోర్లన్నీ పూర్తిగా పనిచేసేటప్పుడు దాన్ని ఆపేది 45 వాట్ల హద్దు. అదే 45 వాట్లలో ఇప్పుడు ఎక్కువ పని చేసుకుంటోంది, అందుకే వేడి అంతే ఉంది. గేమ్‌లో అలా కాదు, కోర్లకి అంత పని ఉండదు కాబట్టి అక్కడ వేడి నేరుగా తగ్గుతుంది. 92 ఉండేది 83కి వచ్చింది. కాబట్టి వేడి ఒక్కటే చూడకు, వేగం, వాట్లు కూడా పక్కపక్కన పెట్టుకుని చూడు.

మైనస్ 140 దగ్గర సినీబెంచ్ పూర్తిగా పాసైంది. సంతోషంతో అక్కడే ఉంచేశాను. రెండు రోజుల తర్వాత బ్రౌజర్ ఒక్కటి తెరిచి ఏదో చదువుకుంటుంటే నీలం తెర వచ్చి మెషిన్ ఆగిపోయింది. పెద్ద బరువు మోసిన మెషిన్ చిన్న పనికి పడిపోయింది. ఖాళీగా ఉన్న కోర్ ఒక్కసారిగా పై వేగానికి ఎగిరేటప్పుడు కూడా వోల్టేజ్ చాలకపోవచ్చని అప్పుడు తెలిసింది. 120కి వెనక్కి వచ్చాను, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆగలేదు. నా 120 నీకు పనికొస్తుందనుకోవద్దు. నీది 90 దగ్గరే ఆగిపోవచ్చు, 130 దాకా కూడా పోవచ్చు. ఎక్కడ ఆగినా అక్కణ్ణించి ఓ ఇరవై వెనక్కి వచ్చి, వారం రోజులు మామూలుగా వాడి, అప్పుడే సేవ్ చెయ్యి.

టర్బో పై అంచు కూడా కొంచెం కత్తిరించు. చివరి రెండు మూడు వందల మెగాహెర్ట్జ్‌కి అది అడిగే వోల్టేజ్ చాలా ఎక్కువ. నేను 4.0 దగ్గర ఆపాను. ఆటలో తేడా తెలియలేదు, వేడి ఇంకో అయిదు తగ్గింది. గ్రాఫిక్స్ కార్డుకీ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇలాగే చేయొచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో రెండింటి వేడీ కలిసిన రాగి గొట్టాల్లోంచే పోతుంది కాబట్టి దాన్ని చల్లబరిస్తే దీనికీ మేలే. అది తర్వాత చూద్దాం.

ఒకవేళ ఆ పేజీలో లాక్ అని కనిపిస్తే కంగారు పడకు. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపడింది. వోల్టేజ్‌ని కావాలని దించి, ప్రాసెసర్‌లో రహస్యాలు దాచే ఎస్‌జీఎక్స్ భాగం లెక్క తప్పేలా చేయొచ్చని పరిశోధకులు చూపించారు. ఆ తర్వాత వచ్చిన బయోస్ (మెషిన్ ఆన్ అవ్వగానే ముందు నడిచే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ దారి మూసేశాయి. విండోస్ 11లో మెమరీ ఇంటిగ్రిటీ అనే సెట్టింగు ఆన్‌లో ఉన్నా వోల్టేజ్ మారకపోవచ్చు. అది భద్రత కోసం పెట్టింది, కాబట్టి ఆపేముందు ఆలోచించుకో. దారి మూసేసి ఉంటే టర్బో 3.8కి, వాట్లు 40కి దించి చూడు, దానికీ మంచి ఫలితం ఉంటుంది. పాత బయోస్ ఎక్కించే సాహసం మాత్రం ఒంటరిగా చెయ్యకు, సగంలో ఆగిపోతే మెషిన్ లేవకపోవచ్చు.

ఈ ఉత్తరం అందిన రాత్రే దుమ్ము తీసి, ఎఫ్‌ఐవీఆర్ పేజీ ఫొటో ఒకటి పంపు. లాక్ ఉందో లేదో చూసి చెబుతాను. చేతులు వణికితే శనివారం పొద్దున రత్నాచల్ ఎక్కెయ్, మధ్యాహ్నానికి ఇక్కడుంటావు. అమ్మ నీకోసం పనసపొట్టు కూర వండుతానంటోంది. సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తిని వచ్చి, రాత్రంతా కూర్చుని పది పది దించుకుంటూ పోదాం. ఛార్జర్ మర్చిపోకు, బ్యాటరీ మీద వచ్చే అంకెలు లెక్కకి రావు.

నీ
బావ