వార్షిక నివేదిక 2020–21: లైసెన్స్ ఫీజు తగ్గింపు, మన హోటళ్ళు

సభ్యులందరికీ నమస్కారం.

2020 జులై నుంచి 2021 జూన్ వరకు న్యూజెర్సీలోని మన తెలుగు సంఘం చేసిన పనుల నివేదిక ఇది. మామూలు ఏడాదైతే దసరా, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు, పిల్లల శతక పద్యాల పోటీ అంటూ పేజీలు నిండేవి. ఈసారి కరోనా వల్ల దసరా జూమ్‌లో జరిగింది. ప్లవ నామ ఉగాది కూడా జూమ్‌లోనే జరిగింది, పచ్చడి మాత్రం వాలంటీర్లు చిన్న డబ్బాల్లో పెట్టి గుమ్మాల దగ్గర దింపి వచ్చారు. ఏప్రిల్, మే నెలల్లో ఇండియాలో రెండో వేవ్ వచ్చినప్పుడు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ల కోసం మీరిచ్చిన విరాళాల లెక్క కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం హోటళ్ళు నడిపే మన సభ్యుల గురించి, టౌన్‌షిప్‌తో, అంటే మన ఊరి మునిసిపాలిటీతో, మద్యం లైసెన్స్ ఫీజు తగ్గించుకున్న సంగతి గురించి రాస్తున్నాను.

2020 మార్చి 16, సోమవారం. ఆ రాత్రి 8 గంటల నుంచి న్యూజెర్సీలో రెస్టారెంట్లలో కూర్చుని తినడం, బార్లలో తాగడం ఆపేయాలని గవర్నర్ ఫిల్ మర్ఫీ ఆదేశం ఇచ్చారు. పార్సిల్, డెలివరీ మాత్రమే మిగిలాయి. బయట బల్లలు వేసుకోవడానికి అనుమతి జూన్ 15న వచ్చింది. లోపల కూర్చోబెట్టుకోవడానికి సెప్టెంబర్ 4 దాకా ఆగాల్సి వచ్చింది, అది కూడా నాలుగో వంతు సీట్లకే. దోసె, బిర్యానీ పార్సిల్ కట్టి పంపగలం. బార్ కౌంటర్‌ను పార్సిల్ కట్టలేం కదా. మూత బిగించిన కాక్‌టెయిల్స్ పార్సిల్ ఇవ్వొచ్చని మే 15న కొత్త చట్టం వచ్చింది. కానీ సాయంత్రం నలుగురు కూర్చుని రెండు గంటలు గడిపితే వచ్చే బిల్లుకు అది ఏ మూలకూ రాలేదు.

మే నెలలో ఒక సభ్యుడి హోటల్‌కి వెళ్ళాను. వృద్ధులకు మనం పంచుతున్న భోజనాల్లో కొన్ని అక్కడే వండించేవాళ్ళం. వంటింట్లో ఆయన భార్య సాంబారు డబ్బాల మూతలకు ఒక్కొక్కదానికి టేప్ వేస్తోంది, దారిలో కారకుండా. ముందు హాల్లో కుర్చీలన్నీ బల్లల మీదకి తిరగేసి ఉన్నాయి. ఆయన బార్ వెనక నిలబడి, మార్చిలో కుళాయికి తగిలించిన బీరు పీపాని సింకులోకి వదిలేస్తున్నాడు. పులిసిన వాసన. నురగ కూడా రాలేదు. ఖాళీ అయ్యాక గొట్టాల్లోకి వేడినీళ్ళు పోసి కడిగి, చేతులు తుడుచుకుని, గోడ మీద ఫ్రేమ్ కట్టించిన లైసెన్స్ వైపు చూపించాడు. జూన్ 30తో గడువు అయిపోతుంది, రెన్యువల్‌కి పూర్తి ఫీజు కట్టాలి, రెండు నెలలుగా ఆ కౌంటర్ మీద ఒక్క గ్లాసు పెట్టలేదు అన్నాడు. మా పని అక్కడ మొదలైంది.

ఇక్కడి పద్ధతి తెలియని సభ్యుల కోసం కొంచెం వివరంగా చెప్తాను. మన తెలుగు రాష్ట్రాల్లో బార్ లైసెన్స్ అంటే ఎక్సైజ్ శాఖ, రాష్ట్ర ప్రభుత్వం. న్యూజెర్సీలో లైసెన్స్ ఇచ్చేది, ఏటా రెన్యువల్ చేసేది చాలావరకు ఊరి మునిసిపాలిటీయే. లైసెన్స్ ఏడాది జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. రెస్టారెంట్లు, బార్లు తీసుకునే లైసెన్స్‌కి మునిసిపల్ ఫీజు 250 డాలర్ల నుంచి 2,500 డాలర్ల మధ్య ఎంతైనా ఆ ఊరి కౌన్సిల్ ఆర్డినెన్స్ (కౌన్సిల్ ఓటేసి చేసే స్థానిక చట్టం) ద్వారా నిర్ణయించుకోవచ్చు. మన టౌన్‌షిప్‌లో అప్పుడది 2,500, అంటే చట్టం ఒప్పుకునే గరిష్ఠం. రాష్ట్రానికి కట్టే 200 డాలర్లు దీనికి అదనం. రాష్ట్ర రాజధాని ట్రెంటన్ దాకా వెళ్ళక్కర్లేకుండా మన ఊరి కౌన్సిల్ చేతిలోనే ఉన్న విషయం ఇది. అందుకే దీన్ని పట్టుకున్నాం.

కార్యవర్గ సమావేశంలో అందరూ వెంటనే ఒప్పుకోలేదు. పండగలు, పిల్లల తెలుగు బడి నడిపే సంఘం మద్యం లైసెన్సుల కోసం అర్జీ పెట్టడం ఏమిటని పెద్దలు ఇద్దరు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, వారి మీద నాకు గౌరవం తగ్గలేదు. మూసి ఉన్న తలుపుకి తెరిచి ఉన్నంత ఫీజు ఎందుకు కట్టించుకోవాలి అన్నదే మనం అడుగుతున్నామని, తాగడాన్ని ప్రోత్సహించమని కాదని మిగతావాళ్ళం చెప్పాం. ఆ హోటళ్ళలో వంట మాస్టర్లు, గిన్నెలు కడిగేవాళ్ళు, వడ్డించే కుర్రాళ్ళు మన ఇళ్ళవాళ్ళే. చివరికి సంఘం డబ్బు ఒక్క డాలర్ కూడా దీనికి ఖర్చు పెట్టకూడదన్న షరతు మీద తీర్మానం జరిగింది. ఆ షరతు పూర్తిగా పాటించాం.

రాష్ట్రం ఆ ఏడాది లైసెన్సుల గడువును జూన్ 30 నుంచి సెప్టెంబర్ 30 దాకా పొడిగించడం మనకు కలిసొచ్చింది. ఆర్డినెన్స్ అంటే ఒక్క రోజులో అయ్యేది కాదు. మొదటి రీడింగ్, తర్వాత పబ్లిక్ హియరింగ్, రెండో రీడింగ్, ఓటు. ఆ మూడు నెలలు లేకపోతే మన ఉత్తరం క్లర్క్ ఆఫీసు ఫైల్లోనే ఉండిపోయేది.

పబ్లిక్ హియరింగ్ కూడా జూమ్‌లోనే. ఒక్కొక్కరికి మాట్లాడటానికి కొద్ది నిమిషాలే. మన తరఫున ముగ్గురు సభ్యులు మాట్లాడారు. అందరికంటే బాగా చెప్పింది సాంబారు డబ్బాలకు టేప్ వేసిన ఆ అక్క. రాసుకున్న కాగితం పక్కన పెట్టేసి, ఫోన్ పట్టుకుని హాలంతా నడుస్తూ తిరగేసిన కుర్చీలు చూపించింది. ఈ గదికే మీరు ఫీజు అడుగుతున్నది అని ఒక్క ముక్క చెప్పి ఆపేసింది. కౌన్సిల్ సభ్యుల్లో ఒకరు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కౌన్సిల్‌కి ఉన్న అభ్యంతరం కూడా సభ్యులకు తెలియాలి, ఎందుకంటే అది సాకు కాదు. చట్టం ప్రకారం ఈ ఫీజుని ఏడాదికి 20 శాతం లేదా 500 డాలర్లు, ఏది తక్కువైతే అంతకు మించి పెంచకూడదు, తగ్గించకూడదు. అంటే 2,500ని ఒక్కసారిగా 2,000 వరకే తగ్గించగలరు, అలా తగ్గిస్తే వచ్చే ఏడాది 2,400 వరకే పెంచగలరు. మళ్ళీ 2,500కి చేరాలంటే రెండేళ్ళు పడుతుంది. ఆ ఆదాయం ఊరి బడ్జెట్‌లోదే. ఇంటి పన్ను కట్టే మనందరం ఆ బడ్జెట్‌లో భాగమే. ఇది తెలిసి కూడా కౌన్సిల్ 2,000కి తగ్గించడానికి ఓటేసింది. టౌన్‌షిప్‌కి మన సంఘం తరఫున కృతజ్ఞతలు రాతపూర్వకంగా పంపాం.

మిగిలిన 500 డాలర్లు ఎంత పెద్ద మొత్తం? మూతపడబోయే హోటల్‌ని నిలబెట్టేంత కాదు. ఒక సభ్యుడు ఆ డబ్బు వంట మాస్టర్ జీతంలో కలిపానని చెప్పాడు, ఇంకొకరు గ్యాస్ బిల్లు బాకీ తీర్చారు. డబ్బు కంటే నాకు పెద్దగా కనిపించింది వేరే విషయం. ఇన్నేళ్ళుగా టౌన్‌షిప్ ఆఫీసుకి మనవాళ్ళు పర్మిట్ కోసమో, ఫైన్ కట్టడానికో వెళ్ళేవాళ్ళు. మొదటిసారి ఒక మాట చెప్పడానికి వెళ్ళారు, ఆ మాట విన్నారు.

అయితే ఈ నివేదికలో నేను దాచకూడని సంగతి ఇంకొకటి ఉంది. హోటళ్ళు నడిపే మన సభ్యులు పదిహేను మందికి పైగా ఉన్నారు. వాళ్ళలో మద్యం లైసెన్స్ ఉన్నది నలుగురికే. మిగతావాళ్ళంతా బీవైఓబీ, అంటే కస్టమర్లు తమ బీరో వైనో తామే తెచ్చుకునే హోటళ్ళు. ఇండియన్ హోటళ్ళు వరసగా ఉండే ఓక్ ట్రీ రోడ్ వైపు వెళ్ళినవాళ్ళకి ఇది కొత్త కాదు. కారణం అందరికీ తెలిసిందే. జనాభాలో 3,000 మందికి ఒక లైసెన్స్ అనే పరిమితి వల్ల కొత్తవి పుట్టవు, ఉన్నవాళ్ళ దగ్గర కొనాలంటే ధర లక్షల డాలర్లలో పలుకుతుంది. బీవైఓబీ హోటల్ సీసా తెరిచినందుకు రుసుము కూడా తీసుకోకూడదు. కాబట్టి మద్యం మీద వాళ్ళకి ఆదాయం లేదు, కాక్‌టెయిల్ పార్సిల్ చట్టంతో లాభం లేదు, ఇప్పుడు ఈ ఫీజు తగ్గింపుతోనూ ఒక్క డాలర్ మిగల్లేదు. లైసెన్స్ కొనగలిగిన స్తోమత ఉన్నవాళ్ళకే ఊరట అందింది. ఇది మనం ముందే ఆలోచించి ఉండాల్సింది. చేతికి అందిన పని చేశామే గానీ, అందరికీ తగిలే పని వెతకలేదు.

ఫెడరల్ సాయం సంగతి కూడా అంతంతమాత్రమే. 28.6 బిలియన్ డాలర్లతో రెస్టారెంట్ల నిధి దరఖాస్తులు 2021 మే 3న మొదలై మే 24న మూసేశారు. అడిగినవాళ్ళు చాలామంది, నిధి చాలలేదు. దరఖాస్తులు నింపడానికి మన వాలంటీర్లు రాత్రిళ్ళు కూర్చుని సాయం చేశారు. కొందరికి వచ్చింది, ఈ నివేదిక రాసేనాటికి కొందరు ఇంకా ఎదురుచూస్తున్నారు, ఆ టెన్షన్ మాటల్లో చెప్పేది కాదు. వ్యాపారం ఆగితే నష్టపరిహారం ఇస్తుందనుకుని ఏళ్ళుగా ప్రీమియం కట్టిన ఒక సభ్యుడికి ఆ ఇన్సూరెన్స్ కంపెనీ వైరస్ మా పాలసీ కిందకి రాదని ఒక పేజీ ఉత్తరంతో సరిపెట్టింది. ఆ ఉత్తరం కాపీ నా దగ్గర ఉంది. పాలసీ రెన్యువల్ చేసుకునే ముందు మినహాయింపుల పేజీ చదవండి, అర్థం కాకపోతే మన లీగల్ వాలంటీర్‌ని అడగండి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం పెట్టుకున్న పని ఒకటే. ప్రతి హోటల్, లైసెన్స్ ఉన్నా లేకపోయినా, ఊరి హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి ఏటా ఫుడ్ లైసెన్స్ ఫీజు కడుతుంది. ఆ ఫీజు కూడా స్థానికంగా నిర్ణయించేదే. అది తగ్గించమని, లేదా వాయిదాల్లో తీసుకోమని అర్జీ సిద్ధమైంది. ముసాయిదా ఈ నివేదికతో పాటు పంపుతున్నాం. బీవైఓబీ హోటళ్ళవాళ్ళు తప్పకుండా చదివి, మీ ఫుడ్ లైసెన్స్ రసీదు కాపీ జతచేసి కార్యదర్శికి తిరిగి పంపండి. హియరింగ్‌లో ఈసారి మాట్లాడాల్సింది మీరే. ఆ అక్క మీ పక్కన కూర్చుంటానని ఇప్పటికే మాటిచ్చింది.

కార్యదర్శి,
కార్యవర్గం తరఫున