మన వీధి బడికి సాయం: జుమా నమాజు తర్వాత కలుద్దాం

అస్సలాము అలైకుమ్ భాయ్, ఆపా అందరికీ.

వించిపేటలో మన వీధి మునిసిపల్ ఎలిమెంటరీ స్కూల్‌కి వెళ్లి హెడ్ మాస్టరు మేడమ్‌తో మాట్లాడి వచ్చాం. పుస్తకాలు, బ్యాగులు, బూట్లు కొనిద్దామని చాలామంది అంటున్నారు. వద్దండీ. అవి విద్యార్థి మిత్ర కిట్‌లో ప్రభుత్వమే ఇస్తోంది, మధ్యాహ్నం అన్నమూ పెడుతోంది. అక్కడ ఇబ్బంది మంచినీళ్లకి. కుళాయి వాషర్ పోయి నీళ్లన్నీ కారిపోతున్నాయి. పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న బాటిల్ పదకొండింటికే ఖాళీ. రెండో తరగతి గదిలో ఫ్యాన్ తిరగదు. బెజవాడ ఎండల సంగతి మీకు కొత్తగా చెప్పాలా?

డబ్బు గురించి ఒక మాట. జకాత్ (ఏటా తప్పనిసరిగా తీయాల్సిన దానం) సొమ్ము ఇందులో కలపకండి. అది ఖురాన్‌లో చెప్పిన 8 రకాల హక్కుదారులకే చేరాలి, ఫ్యాన్లకీ గోడలకీ వాడకూడదని ఎక్కువమంది ఉలమాల (మత పండితుల) మాట. సదఖా, అంటే ఇష్టంతో ఇచ్చే దానం అయితే ఆ పేచీ లేదు. బడిలో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు, అందరికీ పనికొస్తుంది.

ప్లంబింగ్, కరెంటు పని తెలిసినవాళ్లు ఆదివారం ఒక పూట వస్తే డబ్బు ఇచ్చినంత పుణ్యం. మసీదు పేరుతో బోర్డు పెడదామని ఎవరో అడిగారు, నాకైతే ఇష్టం లేదు.

శుక్రవారం జుమా అయ్యాక మసీదులో వుజూఖానా (నమాజుకి ముందు చేతులు, కాళ్లు కడుక్కునే చోటు) దగ్గర పది నిమిషాలు ఆగండి. రసీదు లేకుండా ఎవరికీ డబ్బు ఇవ్వొద్దు.