కంచం పక్కన

చిట్టితల్లీ,

నిన్న ఫోనులో "నేను కావాలనే ఇలా చేస్తున్నానని మీరూ అనుకుంటున్నారా నాన్నా?" అని అడిగావు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. సంక్రాంతి సెలవుల్లో నేను అలాగే అనుకున్నాను మరి. గంటసేపు కంచం ముందు కూర్చుని మెతుకులు విడదీస్తుంటే మొండితనమని కేకలేశాను. ఒక పూట నీ కంచం లాగి పడేశాను. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. నన్ను క్షమించు తల్లీ.

హాస్టల్లో నువ్వు కళ్లు తిరిగి పడిపోయాక, డాక్టరుగారు ఇది అనొరెక్సియా నెర్వోసా, అంటే బరువు పెరుగుతామనే భయంతో తిండి తగ్గించేసే మానసిక జబ్బు అని చెప్పాక, రాత్రుళ్లు దాని గురించే చదువుతున్నాను. 1944 చివర్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో ఆకలికి చిక్కిపోయిన జనానికి మళ్లీ ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం కోసం, తామై ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు సగం తిండే పెట్టాడు. వాళ్ల బరువు దాదాపు పావు వంతు తగ్గింది. వాళ్లు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారట. కాస్త తిండిని గంటల తరబడి తినేవారట. చలికి తట్టుకోలేక, స్నేహితులతో మాట్లాడలేక, చిన్నదానికీ విసుక్కునేవారట. అంతకుముందు వాళ్లలో ఎవరికీ ఈ లక్షణాలు లేవు.

అది చదివి పుస్తకం పక్కన పెట్టేశాను. అమ్మతో కలిసి రెండు వందల అరిసెలు వండి ఒక్కటీ ముట్టని నువ్వు, అర్ధరాత్రి వంటల వీడియోలు చూసే నువ్వు, మధ్యాహ్నం ఎండలో శాలువా కప్పుకున్న నువ్వు కళ్ల ముందు మెదిలావు. ఆకలే మనసును అలా మార్చేస్తుంటే నేను నీ స్వభావాన్ని తిట్టాను.

ఎలా మొదలైందని నిన్ను గుచ్చి గుచ్చి అడగను. వంశంలో వచ్చే గుణం కొంత, ప్రతిదీ తప్పులేకుండా చేయాలనే నీ తపన కొంత, లోపలి భయం కొంత కలిసి ఉంటాయని, ఒక్క కారణం వెతకొద్దని డాక్టరుగారు అన్నారు. వారం వారం గోడకు అంటించే ర్యాంకులు నీ చేతిలో లేవు. కంచంలో ఎంత ఉండాలన్నది ఒక్కటే నీ చేతిలో ఉందనిపించిందేమో. పెళ్లిలో మేనత్త "బాగా ఒళ్లు చేశావే" అన్నప్పుడు నేనూ నవ్వాను. జబ్బు ఆ మాటతోనే వచ్చిందని ఎవరూ అనలేదు. అయినా ఆ నవ్వు నన్ను వదలడం లేదు.

ఆసుపత్రిలో ఇంత కొద్దికొద్దిగా పెడుతున్నారేమని అమ్మ కంగారు పడుతోంది. చాలాకాలం తిండి లేని ఒంటికి ఒక్కసారిగా పెడితే రక్తంలో ఫాస్ఫేట్ అనే లవణం పడిపోయి గుండెకే ప్రమాదమట. రోజూ రక్తం తీసేది అందుకే. ఈ జబ్బును నయం చేసే మాత్ర ఏదీ లేదు. తిండే మందు. ఇంటికొచ్చాక మనం పాటించేది 1980లలో లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న పద్ధతి: ముందు కొన్నాళ్లు ఏం తినాలో, ఎంత తినాలో అమ్మా నేనూ చూసుకుంటాం. నువ్వు కోలుకునే కొద్దీ ఆ బాధ్యత నీకే తిరిగి ఇస్తాం. వారానికోసారి సైకాలజిస్టు దగ్గరికి ముగ్గురం వెళ్తాం. కోపమొస్తే నా మీద అరిచెయ్. ఈసారి కంచం మాత్రం లాగను.

ఆదివారం తెల్లవారుజామున గౌతమికి స్టేషనులో ఉంటాను. బరువు తూచే యంత్రం ఇంట్లోంచి తీసేశాను. రాగానే రెండు ఇడ్లీలు, పది గంటలకు ఒక గ్లాసు పాలు. ఎంతసేపు పట్టినా పక్కనే కూర్చుంటాను. తిండి మాట ఎత్తను. పెరట్లో సన్నజాజి పందిరి ఎక్కింది, దాని గురించి చెబుతాను.

నాన్న