వాచ్‌లో నక్షత్ర పటం: తప్పంతా కాలం లెక్కలోనే

సంపాదకుల వారికి,

స్మార్ట్‌వాచ్‌కి నక్షత్ర పటం యాప్ రాయాలనుకునే విద్యార్థులు ముందుగా పెద్ద నక్షత్రాల జాబితా (కేటలాగ్) కోసం వెతుకుతుంటారు. శ్రమంతా అక్కడే అయిపోతుంది. పటం తప్పు చూపించేది మాత్రం ఎక్కువసార్లు కాలం లెక్క వల్ల. అందుకే ఈ ఉత్తరం.

హిప్పార్కోస్ కేటలాగ్‌లో 1,18,218 నక్షత్రాలున్నాయి. 390 పిక్సెళ్ల గుండ్రటి తెరకు అంత సరంజామా అక్కర్లేదు. మాగ్నిట్యూడ్ (చుక్క వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) 4 దాకా తీసుకుంటే సుమారు 500 చుక్కలు వస్తాయి, ఆకారాలు గుర్తుపట్టడానికి చాలు. ఆకాశంలో చుక్క తూర్పు-పడమర స్థానం చెప్పే రైట్ అసెన్షన్‌కు 16 బిట్లు, ఉత్తర-దక్షిణ స్థానం చెప్పే డెక్లినేషన్‌కు 16, మాగ్నిట్యూడ్‌కు 8, అంటే చుక్కకు 5 బైట్లు, మొత్తం 2,500. వసిష్ఠుడికీ అరుంధతికీ మధ్య ఎడం 12 ఆర్క్ నిమిషాలే. ఆకాశమంతా పట్టే ఈ తెర మీద పిక్సెల్ అంటేనే దాదాపు అర డిగ్రీ, కాబట్టి ఆ ఇద్దరూ ఒకే చుక్కగా కలిసిపోతారు.

ఇక కాలం. ఖగోళ లెక్కల్లో వాడే వరుస రోజుల సంఖ్య, అంటే జూలియన్ తేదీ, ఇప్పటికే 24,60,000 దాటింది. దాన్ని దశాంశ సంఖ్యలు దాచే 32 బిట్ల ఫ్లోట్‌లో పెడితే పక్కపక్క విలువల మధ్య ఎడం 0.25 రోజు, అంటే ఆరు గంటలు. పటం ఆరు గంటలు కొయ్యబారి నిలబడి, ఉన్నట్టుండి పావు చుట్టు గెంతుతుంది. సూత్రంలో తప్పుండదు కనుక ఎంత వెతికినా కారణం దొరకదు. రెట్టింపు చోటు పట్టే 64 బిట్ల డబుల్ వాడితే చిక్కు తీరుతుంది. అది లేకపోతే జూలియన్ తేదీ జోలికే పోవద్దు. యునిక్స్ సెకన్లలోంచి (1970 జనవరి 1 నుంచి లెక్కించే సెకన్లు) 94,67,28,000 తీసేయండి (అది 2000 జనవరి 1, యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలంలో మధ్యాహ్నం 12 గంటలు). మిగిలినదాన్ని పూర్ణాంకాలతోనే 86,400తో భాగించి, పూర్తి రోజులు ఒకవైపు, మిగులు సెకన్లు ఒకవైపు పెట్టండి. రోజుకు భూమి 360.98565 డిగ్రీలు తిరుగుతుంది. అందులో 360 మళ్లీ మొదటికే చేరుతుంది కనుక రోజులను 0.9856474తో గుణిస్తే సరి. మిగులు సెకన్లను 86,400తో భాగించి 360.98565తో గుణించాలి. రెండూ కూడి 280.46062 కలిపితే గ్రీనిచ్ నక్షత్ర కాలం (నక్షత్రాల పరంగా భూమి ఎంత తిరిగిందో చెప్పే కోణం) డిగ్రీల్లో వస్తుంది. దానికి మీరున్నచోటి తూర్పు రేఖాంశం కలపాలి. టైమ్ జోన్‌ను పూర్తి గంటలుగా కుదించి యూటీసీ రాబట్టారంటే, అరగంట ఉన్నచోట ఆకాశం ఏడున్నర డిగ్రీలు పక్కకు జరుగుతుంది.

సరిచూసుకోవడానికి ధ్రువ నక్షత్రాన్ని మించింది లేదు. ఉత్తరార్ధగోళంలో దాని ఎత్తు మీ అక్షాంశంతో ఒక డిగ్రీ లోపు తేడాలో ఉండాలి. అది కుదిరి, మిగతా చుక్కలు దాని చుట్టూ తిరిగిపోయి కనిపిస్తే కాలంలోనో రేఖాంశం గుర్తులోనో తప్పుంది. ధ్రువమే తప్పితే అక్షాంశాన్నీ, డిగ్రీలను రేడియన్లుగా మార్చిన వరుసనూ చూడండి.

తలపైకి ఎత్తి చూసే పటంలో ఉత్తరం పైన ఉంటే తూర్పు ఎడమకు రావాలి. నేల మ్యాపు అలవాటుతో కుడికి గీస్తే ఆకారాలన్నీ అద్దంలో బొమ్మల్లా తిరగబడతాయి. పట్టీకి అయస్కాంతపు బిగింపు ఉంటే దిక్సూచిని నమ్మలేం. పటాన్ని వేలితో తిప్పుకునే వీలు తప్పక పెట్టండి.

ఆకాశం నిమిషానికి పావు డిగ్రీ జరుగుతుంది. రెండు నిమిషాలకోసారి గీస్తే చాలు, సెకనుకోసారి గీస్తే బ్యాటరీకి దండగ. చీకటికి కళ్లు బాగా అలవాటు పడటానికి 20–30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్లటి మెనూ దాన్నంతా చెడగొడుతుంది. నలుపు మీద మసక ఎరుపే మేలు.

తెలుగు పేర్ల సంగతి ఒకటి. కొన్ని వాచ్‌లలో ఒత్తులు విడిపోయి ‘చిత్త’ కాస్తా ‘చిత్‌త’ అవుతుంది. పేర్లను కంప్యూటర్‌లోనే 64×20 పిక్సెళ్ల ఒకే రంగు బొమ్మలుగా తయారుచేసి పెట్టండి. ఒక్కోదానికి 160 బైట్లు, ఇరవై పేర్లకు 3,200. చుక్కల పట్టికకన్నా ఎక్కువే, అయినా రోహిణికీ, స్వాతికీ, చిత్తకూ ఆ చోటు ఇవ్వాల్సిందే.

ఇట్లు,
వాచ్ యాప్‌లు రాసే మిత్రబృందం