మా పాత కంప్యూటర్‌ని మళ్లీ లేపిన అన్నయ్యకి

మీ పేరు అడగడం మర్చిపోయానన్నా, అందుకే ఇక్కడ రాస్తున్నా. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా నాన్న డీటీపీ షాపు, పదిహేనేళ్ల శుభలేఖల ఫైళ్లన్నీ ఆ విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. మొన్న కరెంటు పోయి వచ్చాక ఆన్ చేస్తే ఎక్స్‌పీ లోగో వస్తుంది, నీలం స్క్రీన్ మెరుస్తుంది, మళ్లీ రీస్టార్ట్, అదే వరస. చూసినవాళ్లంతా ఫార్మాట్ కొట్టేయమన్నారు. నాన్నకి రెండు రోజులు అన్నం సహించలేదు.

జిరాక్స్ కోసం వచ్చిన మీరు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్‌లోకి) వెళ్లి, "తేదీ 2009 చూపిస్తోంది, బ్యాటరీ అయిపోయింది తమ్ముడూ" అన్నారు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత 2032 బ్యాటరీ, అంతే! అది అయిపోయి సెట్టింగులన్నీ మొదటికొచ్చాయట, డిస్క్ మోడ్, అంటే కంప్యూటర్ హార్డ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ అనే కొత్త రకానికి మారిపోయింది, ఎక్స్‌పీలో మామూలుగా దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఉండదు కాబట్టి డిస్కే దొరక్క ఆగిపోతోంది. కొత్త బ్యాటరీ వేసి డిస్క్ మోడ్‌ని మళ్లీ పాత పద్ధతి ఐడీఈకి పెట్టగానే బూట్ అయింది, నాన్న కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు.

డబ్బులిస్తే టీ చాలన్నారు. మీరు చెప్పినట్టే ఫైళ్లన్నీ రెండు కాపీలు తీశాం. చాలా థాంక్స్ అన్నా, ఈసారి ఇటొస్తే తప్పకుండా షాపుకి రండి, నాన్న రోజూ మీ గురించే అడుగుతున్నారు.