ఆరోగ్య మంత్రి గారూ, టీబీ పేషెంట్ ఇంటి దాకా మనిషిని పంపించండి

ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది మదనపల్లి పక్క పల్లె. 1915లో పెట్టిన ఆరోగ్యవరం శానిటోరియం, అంటే టీబీ ఆస్పత్రి, మాకు దగ్గరే, అప్పట్లో టీబీకి మందే లేదు, మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అంతే వైద్యం.

అదే కాలంలో అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న టౌన్‌లో ఒక పని చేశారు సార్. సుమారు 17 వేల జనం ఉన్న ఊరు. 1917లో మెట్రోపాలిటన్ లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ లక్ష డాలర్లు ఇస్తే డాక్టర్ డొనాల్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ టీమ్ ఊరి జనానికి పరీక్షలు చేయించింది, రోగం ముదిరి ఆస్పత్రికి వచ్చేదాకా ఆగలేదు, వాళ్లే ఇళ్లకెళ్లి వెతికారు. లెక్కలో ఉన్న కేసుల కన్నా ఎన్నో రెట్లు బయటపడ్డాయి. దొరికిన వాళ్లని వదలకుండా నర్సులు చూసుకున్నారు. 1923కల్లా అక్కడ టీబీ చావులు మూడింట రెండు వంతుల దాకా తగ్గాయి. టీబీకి పనిచేసిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1940లలో, అంటే ఇదంతా టీబీ మందులు రాకముందు మాట!

ఇప్పుడు మా ఇంటి సంగతి వినండి. నాయనకి టీబీ అని తేలింది, టీబీ పేషెంట్ల పేర్లు రాసే సర్కారు వెబ్‌సైట్ నిక్షయ్ పోర్టల్‌లో పేరెక్కింది, మందులిచ్చారు, మంచి తిండి కోసం అకౌంట్‌లో నెలకి 1000 రూపాయలు పడింది, అంతవరకు దండం పెడతా. కానీ ఇంటికి ఎవరూ రాలేదు. మాది ఒకటే గది. అమ్మేమో నాయన తాగే గ్లాసు వేరు చేసి బయట మేకుకి తగిలించింది, రోగం గాలిలో వస్తుందని ఆమెకెవరు చెప్పారు? నా తమ్ముడి కొడుకు మాత్రం రోజూ తాత పక్కనే పడుకునేవాడు. ఏడు నెలలకి వాడి మెడ మీద గడ్డ లేచింది. అదీ టీబీనే. ఆరు నెలలు మందు మింగాడు ఐదేళ్ల పిల్లోడు, మాత్ర చేతిలో పెడితే ఏడ్చేవాడు.

ఇంట్లో వాళ్లందరికీ పరీక్ష చేయాలని, రోగం లేనివాళ్లకి రాకుండా మందివ్వాలని రూల్ ఉంది సార్. తిరిగే మనుషులే లేరు, ఉన్న ఆశా అక్కల నెత్తిన ఇప్పటికే వంద పనులు. టీబీ కోసమే మండలానికి కొంతమందిని వేయండి. ప్రతి నెలా జిల్లాలవారీగా ఎన్ని కేసులు దొరికాయో చెప్తున్నట్టే, ఆ ఇళ్లల్లో ఎంతమందిని పరీక్షించారు, ఎంతమందికి ముందు జాగ్రత్త మందిచ్చారు అనేది కూడా జనం ముందు పెట్టండి. మార్చి 24 టీబీ దినం నాడు మీరు మాట్లాడేటప్పుడు మా జిల్లా లెక్క చదివి వినిపించండి, నేను వింటాను.

ఇట్లు,
ఒక టీబీ పేషెంట్ కొడుకు